ప్రోటీన్ కైనేజ్‌లు, కణంలో కబుర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లు ల్యాబ్‌లో కైనేజ్‌ల మీద పనిచేశాను, ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతున్నాను. క్లాసయ్యాక వరండాలో పిల్లలు అడిగేవి, పెళ్లిళ్లలో చుట్టాలు మందుల చీటీ తీసి చూపించి అడిగేవి, సెలవులకి ఊరెళ్తే పొలం గట్టు మీద అడిగేవి, అన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మొదటి ఏడాదిలోనే ఇంగ్లీషు పుస్తకం చూసి భయపడి, తెలివి ఉండి కూడా వెనక్కి తగ్గే పిల్లల్ని ఏటా చూస్తున్నాను. వాళ్ల కోసమే ముఖ్యంగా ఇది.

ప్రోటీన్ కైనేజ్ అంటే ఏమిటి?

కణంలో ఏటీపీ అనే అణువు ఉంటుంది, దానికి మూడు ఫాస్ఫేట్‌లు వరసగా తగిలించి ఉంటాయి. ఆ చివరి ఫాస్ఫేట్‌ను ఊడదీసి ఇంకో ప్రోటీన్ మీద అతికించే ఎంజైమే ప్రోటీన్ కైనేజ్. ఎక్కడ పడితే అక్కడ అతికించదు. మనలాంటి జీవుల్లో ఎక్కువగా మూడు అమైనో ఆమ్లాల మీదే పెడుతుంది, సెరీన్, థ్రియోనీన్, టైరోసీన్. మూడింటికీ ఫాస్ఫేట్ పట్టుకోవడానికి వీలుగా ఒక ఓహెచ్ కొక్కెం ఉంటుంది.

చిన్న ఫాస్ఫేట్ వచ్చి కూర్చుంటే ఏమవుతుందని పిల్లలు అడుగుతారు. దానికి బలమైన నెగటివ్ చార్జ్ ఉంటుంది. అది వచ్చి చేరగానే ప్రోటీన్‌లో పక్కనున్న భాగాలు కొన్ని దాని వైపు లాగబడతాయి, కొన్ని దూరం జరుగుతాయి, దాంతో ఆకారం మారుతుంది, ఆకారం మారితే పని మారుతుంది. కొన్నిసార్లు ఆకారం పెద్దగా మారకపోయినా ఆ ఫాస్ఫేట్‌ని గుర్తుపట్టి ఇంకో ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది.

ఒక పొరపాటు మాత్రం ఇక్కడే దిద్దుకోండి. ఫాస్ఫేట్ పెడితే స్విచ్ ఆన్ అయినట్టే అని పరీక్ష గైడుల్లో చదివి అలాగే రాస్తారు. నిజానికి ఫాస్ఫేట్ పెడితే గ్లైకోజెన్‌ని, అంటే ఒంట్లో దాచిపెట్టిన గ్లూకోజ్ నిల్వని, విడగొట్టే ఎంజైమ్ పని మొదలుపెడుతుంది, అదే ఫాస్ఫేట్ గ్లైకోజెన్‌ని తయారుచేసే ఎంజైమ్ మీద పడితే దాని పని తగ్గిపోతుంది. ఏ ప్రోటీన్, అందులో ఏ చోటు అన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది.

మన ఒంట్లో ఎన్ని కైనేజ్‌లు ఉన్నాయి?

2002లో మానవ జన్యువులన్నీ గాలించి వేసిన లెక్క 518. మన జన్యువుల్లో దాదాపు 2 శాతం ఈ ఒక్క పనికే కేటాయించి ఉన్నాయంటే, కణానికి ఇది ఎంత అవసరమో చూడండి.

కబురు బయటి నుంచి కణం లోపలికి ఎలా వెళ్తుంది? ఒక్క ఉదాహరణతో చెప్పండి.

తిత్లీ తుపాను రాత్రి గుర్తుందా? 2018 అక్టోబరు 11 తెల్లవారకముందే పలాస వైపు తీరం దాటింది. కొబ్బరి చెట్లు విరిగే చప్పుడు, పైకప్పు రేకులు లేచిపోయే చప్పుడు, పిల్లల్ని ఎత్తుకుని గట్టి గోడ ఉన్న గదిలోకి పరిగెత్తిన ఆ నిమిషం. గుండె దడదడలాడింది, చేతుల్లోకి ఎక్కడలేని బలం వచ్చింది. ఆ నిమిషంలో మీ ఒంట్లో జరిగింది ఇది.

కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని రక్తంలోకి వదిలాయి. అది కండరాల కణాల దగ్గరికి చేరింది, కానీ లోపలికి వెళ్లలేదు, కణం పొర మీద ఉన్న రిసెప్టర్‌కి తగిలి అక్కడే ఆగిపోయింది. రిసెప్టర్ పొరకి అటూ ఇటూ ఉండే ప్రోటీన్ కాబట్టి బయట అడ్రినలిన్ తగిలితే లోపలి కొస కదులుతుంది. ఆ కదలికకి, పొర లోపలి వైపు ఉండి కబురు అందించే జి-ప్రోటీన్ మేలుకుంటుంది, అది వెళ్లి ఇంకో ఎంజైమ్‌ని తడితే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు కుప్పలుగా తయారవుతుంది. ప్రోటీన్ కైనేజ్ ఏ అని ఒకటుంది, మామూలుగా దాని నోరు ఇంకో ముక్క వచ్చి మూసి ఉంచుతుంది. సైక్లిక్ ఏఎంపీ వచ్చి ఆ ముక్కని పట్టుకోగానే కైనేజ్‌కి పని చేసే వీలు దొరుకుతుంది. అది ఫాస్ఫరిలేజ్ కైనేజ్ అనే రెండో కైనేజ్ మీద ఫాస్ఫేట్ పెడుతుంది, అది గ్లైకోజెన్ ఫాస్ఫరిలేజ్ మీద పెడుతుంది, అప్పుడు దాచిపెట్టిన గ్లైకోజెన్ విడిపోయి కండరానికి ఇంధనం దొరుకుతుంది. మనం ఇంకా భయపడాలా వద్దా అని ఆలోచించేలోపే ఇదంతా అయిపోతుంది.

ఇన్ని మెట్లు ఎందుకు? అడ్రినలిన్ నేరుగా ఆ చివరి ఎంజైమ్‌కే తగిలితే సరిపోయేది కదా?

మంచి ప్రశ్న, ఇది అడిగిన అమ్మాయి ఇప్పుడు ఎమ్మెస్సీ చేస్తోంది. నేను మొదట్లో క్లాసులో దీనికి గొట్టా బ్యారేజీ పోలిక చెప్పేవాణ్ణి, వంశధార నీళ్లు పెద్ద కాలువలోకి, అక్కడి నుంచి పిల్ల కాలువల్లోకి, చివరికి మడిలోకి అని. తర్వాత ఆలోచిస్తే ఆ పోలిక తప్పు దారి పట్టిస్తుందనిపించింది. కాలువలో నీళ్లు పంచుకునే కొద్దీ తగ్గుతాయి, చివరి ఆయకట్టు రైతుకి ఆ బాధ తెలుసు. ఇక్కడ ప్రతి మెట్టులో పెరుగుతుంది. ఒక్క రిసెప్టర్ చాలా జి-ప్రోటీన్‌లను లేపుతుంది, ఒక్క ఎంజైమ్ చాలా సైక్లిక్ ఏఎంపీలను చేస్తుంది, ఒక్క కైనేజ్ ఎన్నో ప్రోటీన్‌ల మీద ఫాస్ఫేట్‌లు పెడుతుంది. దీపావళి రాత్రి ఒక ఇంటి దీపంతో పక్కింటివాళ్లు దీపం వెలిగించుకుంటే మొదటి దీపం తగ్గదు కదా, అలా అనుకోండి. రక్తంలో అడ్రినలిన్ చాలా కొద్దిగా ఉంటుంది, అంత కొద్దితో అంత పెద్ద పని జరగడానికి ఇదే కారణం.

ఇంకో లాభం, ప్రతి మెట్టు దగ్గరా వేరే కబురు వచ్చి కలవచ్చు. ఫాస్ఫరిలేజ్ కైనేజ్‌నే చూడండి, అడ్రినలిన్ కబురుతో పాటు కాల్షియం కూడా దాన్ని లేపుతుంది. కండరం కదిలినప్పుడు లోపల కాల్షియం పెరుగుతుంది కాబట్టి, పరిగెత్తే కండరానికి ఇంధనం రెండు దారుల్లో అందుతుంది.

పెట్టిన ఫాస్ఫేట్‌ని తీసేదెవరు?

ఫాస్ఫటేజ్‌లు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే టైమ్ ఉంటే ఇదే చదవండి, ఎందుకంటే పుస్తకాల్లో కైనేజ్‌కి పది పేజీలు ఇచ్చి ఫాస్ఫటేజ్‌కి పది లైన్లు ఇస్తారు, పిల్లలు కూడా అదే కొలతలో గుర్తుపెట్టుకుంటారు.

కబురు అందడం ఎంత ముఖ్యమో ఆగడం అంతే ముఖ్యం. తుపాను వెళ్లిపోయింది, తెల్లారింది, గుండె మాత్రం ఇంకా అలాగే కొట్టుకుంటూ ఉంటే మనిషి ఏమవుతాడు? అందుకే ప్రతి మెట్టులోనూ ఆపే ఏర్పాటు ఉంది. సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి, జి-ప్రోటీన్ తనంతట తానే కాసేపటికి నిద్రపోయే గడియారం ఒకటి, కైనేజ్‌లు పెట్టిన ఫాస్ఫేట్‌లను తీసే ఫాస్ఫటేజ్‌లు ఒకటి. ఆఖరికి ఒక కైనేజ్ వచ్చి రిసెప్టర్ తోక మీదే ఫాస్ఫేట్ పెట్టి దాన్ని మందగించేలా చేస్తుంది, అంటే కైనేజ్ కూడా ఆపే పని చేస్తుంది.

ఆపే ఏర్పాటు చెడితే ఏమవుతుందో కలరా చూపిస్తుంది. కలరా బ్యాక్టీరియా పేగులో వదిలే విషం ఆ జి-ప్రోటీన్ గడియారాన్ని పాడుచేస్తుందన్నమాట. ఇక అది నిద్రపోదు. సైక్లిక్ ఏఎంపీ పెరుగుతూనే ఉంటుంది, ప్రోటీన్ కైనేజ్ ఏ ఆగకుండా పనిచేస్తూ పేగు కణాల మీదున్న క్లోరైడ్ తలుపు మీద ఫాస్ఫేట్‌లు పెడుతూ దాన్ని తెరిచే ఉంచుతుంది, క్లోరైడ్ వెంట సోడియం, దాని వెంట నీళ్లు బయటికి పోతాయి. గంటల్లో మనిషి ఎండిపోతాడు. ఈ విషం సంగతి 1959లో కుందేళ్ల పేగుల్లో చేసిన ప్రయోగంతో చూపించినవారు కలకత్తాలో పనిచేసిన శంభునాథ్ దే. వానాకాలం విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ వెంటనే పట్టమనడం ఎందుకంటే, ఆ తలుపు తెరిచే ఉన్నా, చక్కెరతో కలిసి సోడియం లోపలికి వచ్చే ఇంకో దారి మాత్రం చెడకుండా ఉంటుంది. ఉప్పూ చక్కెరా కలిసి వెళ్తే నీళ్లూ వెంట వెళ్తాయి. ఆసుపత్రికి బయల్దేరేలోపే పట్టించండి.

నా సంగతి ఒకటి చెప్తాను. పరిశోధన చేసే రోజుల్లో మూడు నెలల పాటు కణాలు పెంచి, మందు వేసి, నమూనాలు తీసి బ్లాట్ (కావలసిన ప్రోటీన్‌ని ఒక చారలా కనపడేలా చేసే పరీక్ష) చేస్తే ఫాస్ఫేట్ ఉన్న బ్యాండ్, అంటే ఆ చార, ఎక్కడా కనపడలేదు. కైనేజ్ పనిచేయడం లేదనుకుని రాత్రిళ్లు నిద్రపోలేదు. తీరా చూస్తే కణాలు పగలగొట్టే ద్రావణంలో ఫాస్ఫటేజ్‌ని ఆపే మందు కలపడం మర్చిపోయాను. కణం పగిలినా ఫాస్ఫటేజ్ ఊరుకోదు, నేను ట్యూబులు ఐస్ మీద సర్దుకునేలోపే తన పని తాను చేసుకుపోయింది. ఆ మూడు నెలలు తిరిగి చేశాను. ఫాస్ఫేట్ ఎప్పుడూ వస్తూ పోతూ ఉంటుందన్నది నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే.

ఇదంతా ఎవరు కనిపెట్టారు?

అమెరికాలోని సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్. 1950ల మధ్యలో కుందేలు కండరంలోని ఫాస్ఫరిలేజ్ మీద పనిచేస్తుంటే, ఫిల్టర్ పేపర్‌లో వడగడితే ఎంజైమ్ చురుగ్గా మారుతోంది, వడగట్టకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మారడం లేదు. పేపర్‌లో ఉన్న కాల్షియం వల్ల అని తేలింది, అక్కడి నుంచి తీగ లాగితే ఫాస్ఫేట్ పెట్టడం, తీయడం అనే మొత్తం డొంక కదిలింది. 1992లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. సైక్లిక్ ఏఎంపీ కనిపెట్టిన ఎర్ల్ సదర్లాండ్‌కి అంతకు ముందే 1971లో వచ్చింది.

టైరోసీన్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1979 దాకా సెరీన్, థ్రియోనీన్ మీదే ఫాస్ఫేట్ ఉంటుందనుకున్నారు. కాలిఫోర్నియాలో టోనీ హంటర్ ఫాస్ఫేట్ ఉన్న అమైనో ఆమ్లాలను కరెంటుతో మచ్చలుగా విడదీసేటప్పుడు కొత్త బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) చేయకుండా పాతదే వాడారు, వాడి వాడి దాని పీహెచ్ కొంచెం దిగిపోయింది. ఆ తేడా వల్లే, ఎప్పుడూ థ్రియోనీన్ మచ్చతో కలిసిపోయి కనపడకుండా పోయే టైరోసీన్ మచ్చ ఆ రోజు విడిగా వచ్చింది. కొత్త బఫర్ వేసి మళ్లీ చేస్తే రాలేదు, ఎందుకు రాలేదా అని ఆయన వెనక్కి వెళ్లి వెతికారు. నా విద్యార్థులకి నేను గట్టిగా చెప్పేది ఇదే, తేడా వచ్చిన గీతని నోట్‌బుక్‌లో కొట్టేయకండి, ఆ రోజు ఏ సీసా వాడారో తేదీతో సహా రాయండి.

యల్లాప్రగడ సుబ్బారావు గారికీ దీనికీ సంబంధం ఉందా?

చాలా ఉంది. కైనేజ్ పెట్టే ఫాస్ఫేట్ వచ్చేదే ఏటీపీ నుంచి కదా. భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ఇచ్చారు, నీలం రంగు ఎంత వస్తే అంత ఫాస్ఫేట్. ఇప్పటికీ మా ప్రాక్టికల్స్‌లో పిల్లలు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని చేసేది అదే. దాంతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ పట్టుకున్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని విడిగా కనిపెట్టారు. మన జిల్లాల్లో బోదకాలు రాకుండా ఊరూరా మింగించిన డీఈసీ మాత్ర కూడా తర్వాత ఆయన నడిపిన పరిశోధన బృందం నుంచి వచ్చిందే. ఈ మాట చెప్తే క్లాసులో వెనక బెంచీ కూడా తలెత్తి వింటుంది.

రిపోర్టులో క్రియాటిన్ కైనేజ్ అని ఉంది, ఇదీ ప్రోటీన్ కైనేజేనా? క్రియాటినిన్ కూడా ఇదేనా?

కాదు, మూడూ వేరు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు ఉండదు, అందుకే రిపోర్టులో క్రియాటిన్ అన్న అక్షరాలు కనపడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. క్రియాటిన్ కైనేజ్, అంటే సీపీకే అని కూడా రాస్తారు, ఫాస్ఫేట్‌ని ప్రోటీన్ మీద కాకుండా క్రియాటిన్ అనే చిన్న అణువు మీద పెట్టే ఎంజైమ్. కండరం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది, గట్టిగా వ్యాయామం చేసినా పెరుగుతుంది. క్రియాటినిన్ అంటే ఆ క్రియాటిన్ అరిగిపోగా మిగిలే వ్యర్థం, కిడ్నీలు దాన్ని వడగట్టి పంపేస్తాయి, కిడ్నీ నీరసిస్తే రక్తంలో పెరుగుతుంది. ఏది పెరిగిందో అక్షరం అక్షరం చూసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

షుగర్ జబ్బుకీ కైనేజ్‌లకీ ఏమిటి సంబంధం?

ఇన్సులిన్ అంటుకునే రిసెప్టరే స్వయంగా ఒక టైరోసీన్ కైనేజ్. బయట ఇన్సులిన్ తగలగానే లోపలి భాగం తన మీద తానే ఫాస్ఫేట్‌లు పెట్టుకుంటుంది, తర్వాత ఏకేటీ అనే కైనేజ్ దాకా కబురు వెళ్తుంది, అప్పుడు కణం లోపల సంచుల్లో ఉన్న గ్లూకోజ్ తలుపులు పొర మీదికి వస్తాయి. టైప్ 2 షుగర్‌లో ఇన్సులిన్ ఉన్నా ఈ కబురు నీరసంగా వెళ్తుంది.

నడవమని డాక్టర్ ఊరికే అనరు. కండరం పనిచేస్తే శక్తి తగ్గుతుంది, అది పసిగట్టే ఏఎంపీకే అనే ఇంకో కైనేజ్ లేస్తుంది, ఇన్సులిన్ కబురు లేకుండానే అదే గ్లూకోజ్ తలుపుల్ని పైకి తెప్పించడంలో అది కూడా చెయ్యి వేస్తుంది. రోజూ పొద్దున్నే ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి దాకా నడిచే మా పిన్నికి ఇది చెప్తే, అయితే దేవుడికి దండమూ పెట్టొచ్చు, మందూ వేసుకున్నట్టే అంది. మాత్ర మాత్రం మానొద్దు పిన్నీ అని అప్పుడే చెప్పాను, మీకూ అదే చెప్తున్నాను.

క్యాన్సర్‌లో కైనేజ్‌ల పేరు ఎందుకు వినపడుతుంది?

పెరగమని చెప్పే కబుర్లు చాలావరకు కైనేజ్‌ల మీదుగానే వెళ్తాయి కాబట్టి. వాటిలో ఒకటి ఆగకుండా పనిచేస్తే కణం పెరుగుతూనే ఉంటుంది.

సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ కథ ఇందులో అన్నిటికంటే స్పష్టంగా ఉంటుంది. 1960లో ఫిలడెల్ఫియాలో రోగుల రక్తకణాల్లో ఒక క్రోమోజోమ్ మామూలు కంటే పొట్టిగా ఉండటం చూశారు. 1973లో జానెట్ రౌలీ, 9వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ ముక్కలు మార్చుకున్నాయని చూపించారు. అలా అతుక్కున్న చోట రెండు జన్యువులు కలిసి బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్ పుడుతుంది. ఏబీఎల్ ఒక టైరోసీన్ కైనేజ్, మామూలుగా కట్టుబాటులో ఉండేది ఈ కలయికలో కట్టు తెంచుకుంటుంది. ఆ కైనేజ్‌లో ఏటీపీ కూర్చునే గుంటలో సరిగ్గా ఇరుక్కునే మందే ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటి పెద్ద ట్రయల్‌లో ఈ మందు మొదలుపెట్టినవాళ్లలో పదేళ్ల తర్వాత నూటికి 83 మంది బతికి ఉన్నారు. అంతకు ముందు ఈ జబ్బు పేరు వింటే ఇల్లంతా ఏడ్చేది.

మన దేశంలో ఇది చవగ్గా దొరకడానికి వెనక పెద్ద పోరాటం ఉంది. ఇమాటినిబ్‌ని కంపెనీ అమ్మే పేరు గ్లివెక్, దాని పేటెంట్ కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు, పాత మందు రూపం మార్చినంత మాత్రాన కొత్త పేటెంట్ ఇవ్వడానికి చట్టంలోని సెక్షన్ 3(డి) ఒప్పుకోదని తీర్పు చెప్పింది. ఆ మందు ధర ఎందుకు దిగిందని అడిగేవాళ్లకి ఈ తీర్పు కూడా తెలియాలి.

ఇమాటినిబ్ వాడుతున్నాం, బాగానే ఉంది, ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపొద్దు. భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోండి, డాక్టర్ చెప్పిన టైమ్‌కి బీసీఆర్-ఏబీఎల్ టెస్ట్ చేయించండి. ఒంట్లో బాగుండటం వేరు, ఆ టెస్టులో తగ్గడం వేరు.

మందు పనిచేయడం మానేస్తే?

కొందరిలో కైనేజ్ గుంట గుమ్మం దగ్గర ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది, 315వ చోట థ్రియోనీన్ పోయి ఐసోలూసిన్ వస్తుంది. 1,100 పైచిలుకు అమైనో ఆమ్లాలున్న ఏబీఎల్‌లో ఒక్కటి. దాంతో ఇమాటినిబ్‌కే కాదు, తర్వాత వచ్చిన డసాటినిబ్, నిలోటినిబ్‌లకీ చోటు ఉండదు. దీన్ని దాటడానికి పొనాటినిబ్ వచ్చింది, ఆ తర్వాత 2021లో అసలు ఆ గుంట జోలికే పోకుండా కైనేజ్‌ని వెనక వైపు నుంచి పట్టే అసిమినిబ్ వచ్చింది. ఏ మందు అన్నది మార్పు ఏమిటో టెస్ట్ చేసి డాక్టరే తేలుస్తారు.

పసుపు తింటే కైనేజ్‌లు ఆగుతాయంటున్నారు, నిజమేనా?

గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద పసుపులో ఉండే కర్క్యుమిన్ పోస్తే చాలా ప్రోటీన్‌ల మీద ఏదో ఒక ప్రభావం కనపడుతుంది, అక్కడే అసలు ఇబ్బంది, ఫలానా కైనేజ్‌నే ఆపిందని చెప్పలేం. తినే పసుపులోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కూరలో వేసుకోండి, క్యాన్సర్ మందు బదులు మాత్రం వాడొద్దు. ఇలా మానేసిన ఒకాయన్ని దగ్గరగా చూశాను, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

మొక్కల్లో కూడా కైనేజ్‌లు ఉంటాయా?

ఉంటాయి, వరి రైతుకి ఇది నేరుగా సంబంధించిన సంగతి. గాలివానల తర్వాత ఆకు అంచుల నుంచి పసుపు పచ్చగా ఎండుకుంటూ వచ్చే బ్యాక్టీరియా ఎండాకు తెగులు తెలుసు కదా, యూరియా ఎక్కువైతే ఇంకా రెచ్చిపోతుంది. ఆఫ్రికాలోని ఒక అడవి వరి నుంచి తెచ్చిన ఎక్స్ఏ21 అనే జన్యువు ఆ తెగులుని తట్టుకుంటుంది. 1995లో ఆ జన్యువుని విడదీసి చూస్తే అది కణం పొర మీద ఉండే రిసెప్టర్, దాని లోపలి కొస ఒక కైనేజ్. బయట బ్యాక్టీరియా ముక్క తగలగానే లోపల కైనేజ్ కబురు మొదలుపెడుతుంది, మొక్క రక్షణకి సిద్ధమవుతుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ కలిసి దీన్ని ఇంకో రెండు జన్యువులతో సహా మామూలు సంకరణం ద్వారానే సాంబ మసూరిలోకి తెచ్చి 2008లో మెరుగైన సాంబ మసూరిగా విడుదల చేశారు. విత్తనం గురించి రాగోలు పరిశోధన కేంద్రంలో అడగండి, మన నేలకి ఏది సరిపోతుందో వాళ్లు చెప్తారు.

మా ఊరి కాలేజీలో చదివి ఇందులో పరిశోధన చేయగలమా?

చేయగలరు. బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీ, సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, అంటే ఇంట్లో భారం కాకుండా పీహెచ్‌డీ చేయొచ్చు. ఇంగ్లీషు రాదని ఆగొద్దు, రెండేళ్లలో అదే వస్తుంది.

కాలేజీలో పెద్ద ల్యాబ్ లేదని కూడా ఆగక్కర్లేదు. ఫోన్‌లోనే ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్ తెరిచి, 1ఏటీపీ అన్న నాలుగు అక్షరాలు ఇంగ్లీషులో టైప్ చేయండి. 1991లో తొలిసారి ఆకారం తెలిసిన కైనేజ్, ఈ పేజీలో ఇంతసేపూ చెప్పుకున్న ప్రోటీన్ కైనేజ్ ఏ, అదే కనపడుతుంది. వేలితో తిప్పి చూడండి, చిన్న తమ్మె (గుండ్రటి భాగం) ఒకటి పైన, పెద్ద తమ్మె ఒకటి కింద ఉంటాయి. రెండిటి మధ్య లోతైన సందులో ఇరుక్కుని ఉన్నదే ఏటీపీ. దాని మూడు ఫాస్ఫేట్‌లలో ఏది బయటి వైపు తిరిగి ఉందో వెతికి, మర్నాడు క్లాసులో నాకు చూపించండి.